క్రైస్తవ వాఙ్మయమున సంఘసహవాసశబ్దములు

తెలుఁగు బైబిలునందు బోధకుఁడు, సంఘము, సహవాసము అను మాటలు పదేపదే కానవచ్చును. ఇవి సంస్కృతసమము లగుటచే వీని యర్థము మనకుఁ దెలిసినదే యని తోఁచును. కాని క్రొత్తనిబంధన గ్రీకుభాషలో వ్రాయఁబడినది. ఆ మూలపదములను విచారింపనిదే, గ్రంథము చేతనుండఁగాఁ గ్రైస్తవునకు బోధకుఁ డేల, సంఘ మేల యను ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదు.

రోమీయులకు వ్రాసిన లేఖలో, 10వ అధ్యాయమున, విశ్వాసము వినుటవలనఁ గలుగుననియుఁ, బ్రకటించువాఁడు లేనిదే వినుట పొసఁగదనియుఁ బౌలు వాదించెను. అచ్చటి ‘కేరుస్సో’ యను క్రియ రాజాజ్ఞను వీథులలోఁ జాటువాని పనిని దెలుపును. మన యూళ్ళలోఁ దప్పెట కొట్టి చాటింపు వేయువాఁ డట్టివాఁడే. అతఁడు పంపినవాని మాట చెప్పునే కాని తన మాట చెప్పఁడు. బోధించువానికి గ్రీకున ‘దిదాస్కలొస్’ అని వేఱుపేరు గలదు. వాడుకలో మన బోధకశబ్దము రెంటిని నావరించినది. దానిచేఁ జాటువాఁడు గురుపీఠ మెక్కినట్లు భ్రమ కలుగుచున్నది.

ఈ భ్రమ క్రొత్తది కాదు. కొరింథులోఁ గొందఱు పౌలువారమనియుఁ, గొందఱు అపొల్లోవారమనియుఁ జీలిపోఁగా, తాను నాటితిననియు, అపొల్లో నీరు పోసెననియు, వృద్ధి దేవునిదే యనియుఁ బౌలు వారికి వ్రాసెను. ఆ లేఖయందే, 14వ అధ్యాయమున, ప్రవక్తలు మాటలాడునప్పుడు తక్కినవారు వివేచింపవలెనని విధించెను. మన శాస్త్రసభలలో నుపన్యాసమును బరీక్షించు నధికారము సదస్సున కున్నట్లే, ఇచ్చట నది సంఘమున కున్నది.

సంఘశబ్దమును బాణిని హన్ధాతువునుండి గణార్థమున నిపాతించెను. కావున నది జనులకూడికయే కాని కట్టడము గాదు. గ్రీకు ‘ఎక్లేసియా’ పిలుచుట యను నర్థము గల ధాతువునుండి పుట్టి, నగరములందలి పౌరసభకుఁ బేరైనది. అపొస్తలుల కార్యములలో, 19వ అధ్యాయమున, ఎఫెసు నాటకశాలలో గోలచేసిన గుంపునకును నీ పేరే. అచ్చటఁ దెలుఁగు చేసినవారు ‘సభ’ యనిరి. వారి వివేకము మెచ్చఁదగినదే; అయినను బిలుపు అను నర్థము రెండుమాటలందును జాఱిపోయినది.

అన్నిటికంటె విచారింపఁదగినది సహవాసము. దీని మూలము ‘కొయినోనియా’. ఉమ్మడి యను నర్థము గల ‘కొయినొస్’ నుండి వచ్చినది. వసధాతుజన్యమగు సహవాసము కలిసియుండుటను జెప్పఁగా, గ్రీకుపదము కలిసి పంచుకొనుటను జెప్పును. యెరూషలేములోని తొలివిశ్వాసులు బోధయందును, సహవాసమందును, రొట్టె విఱుచుటయందును, బ్రార్థనయందును నిలిచిరని కార్యముల 2వ అధ్యాయము. వెంటనే వారు ఆస్తు లమ్మి, యక్కఱకొలఁది పంచిపెట్టిరని చెప్పఁబడినది. మఱియు మాసిదోనియ, అకయ దేశములవారు యెరూషలేము బీదలకై కూర్చిన ధనమునకు రోమీయుల 15వ అధ్యాయమున నీ శబ్దమే వాడఁబడినది. తెలుఁగున నచ్చట నది ‘చందా’! ఒక్క శబ్దమే యొకచో సహవాసము, వేఱొకచోఁ జందా యైనదని తెలుఁగు చదువరి యెట్లెఱుఁగును? కొరింథులోఁ గలిగినవారు ముందుగా భుజింప, బీదలు పస్తుండిరి. అది ప్రభువు రాత్రిభోజనము కానేకాదని పౌలు గద్దించెను.

ఈ రెండర్థముల యంతరము మన దేశముననే ప్రత్యక్షమైనది. తోళ్ళ వ్యాపారి, మాదిగ కులజుఁడు యెఱ్ఱగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొంది, ఒంగోలు ప్రాంతమునఁ దనవారి నడుమ బోధించెను. 1876–78 కఱవు పిమ్మట 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మయేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు క్లౌ దొర గాక, ఆఱుగురు దేశీయ బోధకులు. వినుట యట్లు మనభాషలో, మనవారి నోటనే జరిగినది. పంచుకొనుట యంత సులభము గాలేదు. మాలలు, మాదిగలు ఒక్క సంఘముగాఁ గూడి, యొక్క బల్లయొద్ద రొట్టె తినుటకు వెనుదీసిన పల్లెలు తరువాతఁ బెక్కేండ్ల దాఁక నుండెను.

సహవాసశబ్దమును ద్రోసివేయవలెనని నా మతము గాదు; అది రూఢమైనది. కాని ‘చందా’ యున్నచోట, మూలమున సహవాసశబ్దమే యున్నదని యంచున నొక్క పంక్తి ముద్రించినఁ జాలును.