చిలుము మురికి కాదు



తొలకరి వానలు పడ్డాక పొలం గట్ల మీద, పాటిదిబ్బల దగ్గర, రైలు కట్ట పక్కన ఏదో ఒక లోహపు ముక్క బయటపడటం మన ఊళ్లలో మామూలే. పాత కానీలు, రాగి డబ్బులు, ఇత్తడి గుండీలు దొరుకుతుంటాయి. దొరికినోళ్లు చేసే మొదటి పని ఏందంటే చింతపండు, బూడిద పెట్టి తళతళ మెరిసేదాకా తోమటం. ఇంట్లో బిందెకు అది మంచిదే. నూరేండ్ల నాటి గుండీకి మాత్రం చేటు. ఎందుకో చెబుతాను.

నాణెం దొరికితే అందరూ దాచుకుంటారు. గుండీని ఎవరూ లెక్కచెయ్యరు, పాత సామాన్లోడికి వేస్తారు. కాని గుండీని బట్టి గూడా కాలం చెప్పవచ్చు. పూర్వం సైన్యం, పోలీసు, రైల్వే వాళ్ల కోట్లకు లోహపు గుండీలు ఉండేవి. వాటి మీద కిరీటమో, కంపెనీ పేరు పొడి అక్షరాలో అచ్చువేసేవారు. మన గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ స్టేషన్ల మీదుగా పోయే లైనును మొదట్లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నడిపింది. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయినది. 1951 ఏప్రిల్ 14న అదీ పోయి సదరన్ రైల్వేలో కలిసింది. కావున కట్ట పక్కన దొరికిన గుండీ మీద 'ఎం. అండ్ ఎస్.ఎం.' అని ఇంగ్లీషు అక్షరాలుంటే అది 1908కి ముందుది కాదు, 1951 తర్వాత చేసినదీ కాదు. రెండు అక్షరాలు చదివితే ఇంత తెలుస్తుంది! అట్లాగే బ్రిటిషు కిరీటం ఉంటే పాత ప్రభుత్వం నాటిది, మూడు సింహాలుంటే స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతది. వెనక్కి తిప్పి చూస్తే తయారుచేసిన వాళ్ల పేరు, లండన్ అనో బర్మింగ్‌హామ్ అనో ఊరు గూడా కొన్నిటికి ఉంటుంది. ఈ అక్షరాలు చాలా సన్ననివి. గట్టిగా తోమితే ముందు అరిగిపోయేవి అవే.

ఇప్పుడు చిలుము సంగతి. ఇత్తడి అనగా రాగి, తుత్తునాగం కలిపిన లోహం. భూమిలో ఏండ్ల తరబడి ఉంటే గాలి, తేమ, ఉప్పులు తగిలి దాని పైపొర మారిపోతుంది. అదే చిలుము. గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉండే చిలుము లోపలి లోహానికి తోలు మాదిరి. ఒక్కోసారి అచ్చువేసిన బొమ్మ ఆ పొరలోనే నిలిచి ఉంటుంది, దాన్ని తీసేస్తే కింద గుంటలు తప్ప ఏమీ మిగలదు. చింతపండు పులుపు చిలుమును కరిగించేస్తుంది. నిమ్మకాయా అంతే. ఇటుక పొడి, బ్రాస్సో లోహాన్నే అరగదీస్తాయి. కొన్ని గుండీలకు ఉల్లిపొర కన్నా పల్చని బంగారు పూత ఉంటుంది, అదయితే రెండు రుద్దులకే పోయిద్ది. మెరిస్తే రేటు వస్తుందని కొందరు అంటారు. తెలిసినవాడు తోమిన దాన్ని చూడగానే రేటు తగ్గిస్తాడు.

అమెరికాలో 1861–65 అంతర్యుద్ధం జరిగిన చోట్ల మెటల్ డిటెక్టర్లతో సైనికుల గుండీలు వెదికేవాళ్లు ఉన్నారు. వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు నీళ్లు, పుల్లతోనే మొదలుపెడతారు. మనమూ ఆ పని చేయవచ్చు. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ మేలు, బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి వద్దు. గుండీని ఆ నీళ్లలో మట్టి మెత్తబడేదాకా ఉంచి, నీళ్లు మార్చుతూ ఉండాలి. రాత్రంతా నానబెట్టనక్కరలేదు. తర్వాత వెదురు పుల్లను సన్నగా చెక్కి (బుట్టలల్లే ఇళ్లల్లో దానికి కొదువలేదు) మట్టిని కొంచెం కొంచెం లేపాలి. పిన్నీసు, బ్లేడు, ఇనుప పీచు ముట్టుకోవద్దు. వెనకాల దారం పోయే రింగు చాలా బలహీనంగా ఉంటుంది, అక్కడ మట్టి కొంచెం మిగిలినా పర్వాలేదు. ఎర్రటి తుప్పు కనబడితే లోపల ఇనుము ఉన్నట్టు, దాన్ని తడపకుండా పొడి బ్రష్షుతోనే దులపాలి. పని అయ్యాక మెత్తటి గుడ్డతో అద్ది నీడలో ఆరబెట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కోవలెను, చిలుము కడుపులోకి పోతే మంచిది కాదు.

కాకపోతే ఒక చెడ్డ చిలుము ఉంది. లేత ఆకుపచ్చగా, పొడి పొడిగా రాలుతుంటుంది. అది క్లోరైడు ఉప్పు పని. తేమ ఉన్నన్నాళ్లూ లోపలికి తింటూనే ఉంటుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా, గుండీతో పాటు మూత గట్టిగా పట్టే డబ్బాలో వేస్తే అది చాలావరకు ఆగుతుంది. రబ్బరు బ్యాండు చుట్టవద్దు, అందులో గంధకం ఉంటుంది. శాతవాహనుల కాలపు సీసపు నాణెం దొరికితే చెక్కపెట్టెలో అసలు పెట్టగూడదు, చెక్క నుంచి వచ్చే ఆవిరి సీసాన్ని తెల్లటి పొడి చేస్తుంది.

అన్నిటికన్నా ముందు చెయ్యవలసినది ఒక చీటీ వ్రాయటం. ఏ ఊరు, ఎవరి చేను, ఎంత లోతు, ఏ తేదీ. పెన్సిలుతో వ్రాస్తే తేమకు చెదరదు. చీటీ లేని గుండీ ఎక్కడిదయినా కావచ్చు. మన దొనకొండ దగ్గరి చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి ఒక శిల్పం దొంగల చేతుల్లో పడి ఆస్ట్రేలియా మ్యూజియం దాకా పోయింది. అది చందవరానిదే అని తేలబట్టి 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చారు.

గుప్తనిధులని గుళ్లు తవ్వేవాళ్ల పని వేరు, అది నేరం. మనకు దున్నేటప్పుడు కుండలో నాణేలు దొరికినా దాచుకోగూడదు. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దాచిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరు గారికి తెలపాలి. మనం వార్డెన్ సారుకు చెబితే ఆయన ఎమ్మార్వో ఆఫీసుకు తెలియజేస్తారు.

ఎవరి పెట్టెలోనైనా ఇంకా తోమని గుండీ ఉంటే ఆదివారం తీసుకురండి. భూతద్దం సైన్సు ల్యాబులో ఉంది.