గాలి కూల్చిన యూరు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, గోధుమ చేల నడుమ, గ్రీన్స్‌బర్గ్ అను చిన్న పట్టణము కలదు. అచటి జనులు పూర్వాచారపరులు; ఎన్నికలలో రిపబ్లికన్ పక్షమువారు. 2007 మే 4వ తేదీ రాత్రి సుడిగాలి వీచి యా యూరిని నూటికి తొంబదియైదు పాళ్లు నేలమట్టము చేసెను.

ఇండ్లు లేని యూరికి మరల వచ్చువారెవరు? పురపాలక సంఘమునకు పట్టుకొన్న దిగులు ఇదియే. ఆ డిసెంబరులోనే, తాము కట్టు పెద్ద భవనములన్నియు ‘లీడ్’ హరిత ప్రమాణములలో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణికి తగియుండవలెనని వారు తీర్మానించిరి. అమెరికాలో ఏ నగరమును అంతకుముందు అట్లు తీర్మానింపలేదు.

పర్యావరణమను మాటయే అచట పలువురకు రుచింపదు. కనుక కరెంటు ఖర్చెంత తగ్గును, తాతలు గాలిమరలతో నీరు తోడుకొనలేదా యను మాటలు ముందునకు వచ్చెను. 1888 నాటికి చేతులతో త్రవ్విన 109 అడుగుల లోతు బావి గల యూరికి ఈ వాదము కొత్తది కాదని మాకు తోచుచున్నది.

భవనములకు దళమైన గోడలు పెట్టిరి, భూమి లోపలి నిలుకడయైన వేడిమిని గదులకు వాడుకొనిరి, వీథులలో ఎల్.ఇ.డి. దీపములు నిలిపిరి. 2010లో ఊరి వెలుపల పది గాలిమరలు తిరుగ నారంభించెను. వాని శక్తి 12.5 మెగావాట్లు, ఊరి యవసరమునకు మించినదే.

అయినను జనమందరును తిరిగి రాలేదు. 2000 లెక్కలలో 1,574 మంది యుండగా, 2010లో 777 మందియే యుండిరి.