బీరు పిప్పి బర్రెకు పెట్టవచ్చునా?



ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, పటాన్‌చెరుకు దగ్గరలోని ఒక గ్రామ సంఘంలో ఒక సహోదరి మా దగ్గరకు వచ్చి చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. ఏమమ్మా అని అడిగితే మెల్లగా చెప్పింది: "అయ్యగారూ, బీరు ఫ్యాక్టరీ పిప్పి కొని బర్రెలకు పెడుతున్నం. ఆ పాలే ఇంటింటికీ పోస్తున్నం. పాపమేమోనని మనసు కొట్టుకుంటున్నది." భర్త లేని ఇల్లు. రెండు బర్రెలు, ఇద్దరు పిల్లలు. పాల పైసలతోనే పిల్లల చదువు సాగుతున్నది.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. తెలియని సంగతిలో తీర్పు చెప్పకూడదు గనుక, తెలుసుకొని వస్తామన్నాము. పశువైద్యులను అడిగి తెలుసుకున్నది ఇది.

బీరు తయారీలో, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలను మరపట్టి వేడినీళ్లలో నానబెడతారు. గింజలోని పిండి తీపిగా మారి నీళ్లలోకి దిగుతుంది. ఆ తీపినీళ్లను వడకట్టి వేరు చేయగా మిగిలేదే ఈ పిప్పి. పులియబెట్టడం, మత్తు పుట్టడం ఆ తరువాత, ఆ వడకట్టిన నీళ్లలోనే జరుగుతుంది. కాబట్టి తాజా పిప్పిలో మద్యం ఉండదు. గానుగలో రసం తీసిన తరువాత మిగిలిన చెరకు పిప్పి వంటిదే ఇదీ. పైగా మంచి మేత. తడి ఆరిన తరువాత తూచి చూస్తే నూటికి 20 పాళ్లకు పైగా మాంసకృత్తులే.

ఈ మంచి కబురుతో పది రోజుల తరువాత ఆమె ఇంటికి వెళ్లాము. పెరట్లో ఒక బర్రె పడి ఉంది. ముందు రోజు వెనుక కాళ్లు వణికి, తూలి, కూలబడిందట. వారం క్రితం అగ్గువకు వచ్చిందని ఒక ఆటో నిండా పిప్పి దింపించుకొని, టార్పాలిన్ కప్పి ఉంచింది. కప్పు తీస్తే లోపల వేడి, ముక్కు పగిలే పులిసిన వాసన, అంచుల్లో నీలిపచ్చని బూజు. బూజు విషమే అయి ఉంటుందని పశువుల డాక్టరుగారు అనుమానించారు. మూడో రోజు బర్రె చనిపోయింది.

మాకు సిగ్గు కలిగింది. ఆమె పాపమా అని అడిగింది. మేము కూడా పాపము గురించే వెదికాము. "ఎన్ని రోజుల పిప్పి పెడుతున్నావమ్మా? ఎక్కడ దాస్తున్నావు?" అని ఒక్క మాట అడగలేదు. ఆ లోపము దిద్దుకొనుటకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అగ్గువ మేత తప్పు కాదు

1970లలో పారిశ్రామికవాడ వచ్చిన నాటి నుండి ఈ ప్రాంతంలో బీళ్లు తగ్గిపోయాయి. ఒకప్పుడు మేసిన చోట ఇప్పుడు ఫ్యాక్టరీలు, ప్లాట్లు. జొన్న సొప్ప కూడా కొనుక్కోవలసిందే. కనుక తవుడు, నూకలు, కంది పొట్టు, పత్తి చెక్క, పల్లి చెక్క, బీరు పిప్పి వంటివి పెట్టక తప్పదు. మనిషి తినలేనిదాన్ని పాలుగా మార్చే కడుపును దేవుడు నెమరువేసే జీవులకు ఇచ్చాడు. అయితే ఆ కడుపుకు కొన్ని హద్దులు కూడా పెట్టాడు.

మొదటిది: తాజాదనం

తడి పిప్పిలో నూటికి 75 నుండి 80 పాళ్లు నీళ్లే. అంటే 5 కిలోలు కొంటే చేతికి వచ్చే మేత ఒక కిలోయే. ధర చూసేటప్పుడు ఈ లెక్క మరువకూడదు. అంత తడి ఉన్నది మన ఎండలకు రెండు మూడు రోజులకు మించి ఆగదు. ముదిరిన పిప్పిలో, మొలకల మేతలో పెరిగే ఒక రకం బూజు పశువుల నరాలను దెబ్బతీసి కాళ్లు పడిపోయేలా చేస్తుందని దక్షిణాఫ్రికాలోనూ బ్రిటన్‌లోనూ పశువైద్యులు గుర్తించారు. పైన బూజు తీసివేసి కిందిది పెడదామనుకోకండి. కంటికి కనబడేది బూజు. విషం కంటికి కనబడదు. చెయ్యి పెడితే వేడిగా ఉన్నా, వాసన మారినా ఆ కుప్ప పెంటలోకే పోవాలి.

రెండవది: మోతాదు

కొత్త దాణా ఏదైనా కొద్దిగా మొదలుపెట్టి పది పదిహేను రోజుల్లో పెంచాలి. తడి పిప్పిని ఒకటి రెండు కిలోలతో మొదలుపెట్టి, పాలిచ్చే పెద్ద బర్రెకైనా రోజుకు 8, 10 కిలోలకు మించనీయకుండా, రెండు పూటలుగా పంచితే మేలు. వరిగడ్డి, సొప్ప కడుపునిండా ఉండవలసిందే. తవుడులో, పిప్పిలో సున్నపు ధాతువు తక్కువ గనుక రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపాలి. దూడలకు పిప్పి పెట్టవద్దు.

పెళ్లి విందులో మిగిలిన అన్నం, నూకల జావ ఒక్కసారిగా గంపెడు పెట్టడం మన ఊళ్లలో పెద్ద ప్రమాదం. పిండి పదార్థం ఎక్కువైతే పెద్ద కడుపులో ఆమ్లం పెరిగి నెమరు ఆగిపోతుంది. పశువు మూలుగుతుంది, పుల్లని వాసనతో నీళ్లలా పారుతుంది, తెల్లవారేసరికి లేవదు. అట్టి సమయంలో దాణా ఆపి, ఆలస్యం చేయక డాక్టరును పిలవండి. బలవంతంగా నోట్లో నూనెలు, కషాయాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో ఆపద వస్తుంది.

మూడవది: పాలలోకి దిగే విషం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని రోగంతో చనిపోయాయి. బ్రెజిల్ నుండి తెప్పించిన పల్లి పిండిలో బూజు వల్ల పుట్టిన విషమే కారణమని తేలింది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. పల్లి చెక్క, పత్తి చెక్క, మక్కలు తడిసి బూజు పడితే ఇది చేరుతుంది. పశువు తింటే కొంత పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. ఎక్కువ కాలం శరీరంలోకి పోతే కాలేయానికి కీడు. మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2018లో 6,432 పాల నమూనాలను పరీక్షించి, 2019లో వెల్లడించిన ఫలితాల్లో 368 నమూనాల్లో ఈ విషం హద్దు దాటిందని తెలిపింది. అది మేత ద్వారానే పాలలోకి వస్తుందని కూడా చెప్పింది. మన పక్కనే, 1972లో పటాన్‌చెరులో స్థాపించబడిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దీనిని తక్కువ ఖర్చుతో కనిపెట్టే పరీక్ష పద్ధతిని రూపొందించారు. మనం చేయగలిగింది సులువే: చెక్క, మక్కలు బాగా ఎండినవి కొనాలి, బస్తాలను నేల మీద కాక చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చాలి, వాన నీరు తగలనీయరాదు.

నాలుగవది: పాత్ర, నీళ్లు

మందుల ఫ్యాక్టరీల్లో వాడి అమ్మేసిన నీలం డ్రమ్ములను కుడితి తొట్లుగా వాడటం మంచిది కాదు. కడిగినంత మాత్రాన అందులోని రసాయనం పోయిందనుకోలేము. మేత ఎంత మంచిదైనా నీళ్లు చెడ్డవైతే ఫలితం లేదు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులోని వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి, సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించి లోకాన్ని ఆశ్చర్యపరిచారు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే వాగులో పశువులను దింపవద్దు, ఆ నీటితో గడ్డి పెంచవద్దు.

ప్రియులారా, కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయవద్దని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించాడు. నీతిమంతుని గుర్తుల్లో తన పశువు ప్రాణాన్ని పట్టించుకొనుట కూడా ఒకటని సామెతల గ్రంథం, 12వ అధ్యాయం, 10వ వచనం చెబుతుంది. ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆ వచనం తెరిచి చదవండి. చదివి, పెరట్లోకి వెళ్లి దాణా బస్తాలో చెయ్యి పెట్టి వాసన చూడండి.

ఆ సహోదరి ఇప్పుడు పిప్పి మానలేదు. సంఘంలోని మరి మూడు ఇళ్ల వారితో కలిసి ఒక ఆటో తెప్పించుకొని, దించిన గంటలోనే పంచుకుంటారు. రెండో రోజు సాయంత్రానికి గంపలు ఖాళీ. మొన్న వెళ్లినప్పుడు మిగిలిన బర్రె ఈనింది. జున్నుపాలు గిన్నెలో పోసి ఇస్తూ, "అయ్యగారూ, ఈసారి వాసన చూసే పెట్టిన" అన్నది.

ఆమె మొదట అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే: పిప్పి పెట్టుట పాపము కాదు. చూడకుండా పెట్టుటే తప్పు.