కడలి ఒడ్డున ఏరిన మాటలు

భీమునిపట్నంలో వారం దినాలు సెలవు గడిపి యిల్లు చేరినవానికి మిగిలేదేమి? చెప్పులనంటిన ఇసుక రెండు నాళ్లలో రాలిపోతుంది. ఒంటిమీది ఎండకమరు నెలలో మాయమవుతుంది. నాకు మాత్రం మాటలు మిగిలినవి.

గోస్తనీనది కడలిలో కలిసే ఆ తీరాన మన సెలవుదినం జాలరులకు పనిదినం. పడవలో అలివివలను కడలిలోనికి కొనిపోయి అర్ధచంద్రాకారంగా విడిచి, రెండు కొసల తాళ్లను ఒడ్డున బారులుదీరి లాగుతారు. పడిన కవళ్లను ఆడువారు బుట్టలకెత్తుతారు. అర్ణవము, జలధి, పారావారము అని మనం పర్యాయపదాలు వల్లిస్తాము. పోటు, పాటు అనే రెండు చిన్న మాటలలో వారి దినచర్య ఇమిడి ఉన్నది. పోటు దినదినమూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని మన పాఠ్యగ్రంథాలు చెబుతాయి; వారికి ఆ లెక్క చంద్రుడే చెబుతాడు.

తిరిగి వచ్చిన తరువాత తరగతిలో 'ఆటుపోట్లు' అన్న మాట తగిలితే, కష్టసుఖాలని అర్థం చెప్పి ముందుకు సాగలేకున్నాను. తాడు ఒరసిన అరచేతులు కన్నులముందు నిలుస్తున్నవి.

ఉపాధ్యాయ మిత్రులారా! ఆ మాటలను పుట్టుకతో ఎరిగిన పిల్లవాడు మీ బడిలో వెనుకబల్లమీద మౌనంగా కూర్చుని ఉండవచ్చు. ఆనాటి పాఠంలో సముద్రం వచ్చినప్పుడు ముందుగా అతనిని అడగండి.