“బాగున్నది” అన్న తరువాత

రేడియోలో ఛాయాచిత్రమును చూపుటకు వీలులేదు. చూపవలెనన్న మాటలతోనే చూపవలెను. ఇది మా వృత్తికి పుట్టుకతో వచ్చిన లోటు. కాని ప్రకృతి ఛాయాచిత్రములు తీయు ఔత్సాహికులు ఒకరి చిత్రమును గురించి మరొకరు అభిప్రాయము చెప్పవలసి వచ్చినపుడు, ఈ లోటే మంచి గురువు కాగలదని మాకు తోచినది. ఆ సంగతియే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో కెమెరా పట్టినవారికి వస్తువునకు కొరత లేదు. ఎల్లారెడ్డి వైపు, మెదకు జిల్లా సరిహద్దున, పోచారం జలాశయము కలదు. మంజీరలో కలియు ఆలేరు వాగుపై 1916–1922 సంవత్సరముల నడుమ దీనిని నిర్మించిరి. దాని చుట్టునున్న అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటస్థలము. 1952లో అది అభయారణ్యమైనది. మంజీరపైననే 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము కలదు. శీతకాలమున హిమాలయములకు ఆవలినుండి, తలపై రెండు నల్లని పట్టీలుగల పెద్దబాతులు ఈ నీళ్ళకు వచ్చును. అడవిలో చుక్కల దుప్పులు, మనుబోతులు, కొండగొఱ్ఱెలు, ఎలుగుబంట్లు ఉన్నవి. ఫాల్గుణ మాసమున మోదుగులు పూచిన కొమ్మ యొక్కటి చాలు, ఆదివారమంతయు గడచిపోవును.

ఆ సాయంకాలము మిత్రులు నలుగురు కూడి చిత్రములు చూచుకొందురు. అప్పుడు వినవచ్చు మాటలు సాధారణముగా రెండే. ఒకటి “భేష్, చాలా బాగున్నది.” రెండవది “ఏమో, నాకు నచ్చలేదు.” మొదటిది తీపి, రెండవది చేదు. అంతకు మించి వానిలో భేదము లేదు. రెండింటి వలనను చిత్రకారుడు మరునాడు చెరువుగట్టున చేయవలసినది ఏమో తెలిసికొనజాలడు.

ఈ విషయమున మనకు పొరుగుననే ఒక పెద్ద దిక్కు ఉన్నాడు. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యానములు వ్రాసిన మల్లినాథసూరి మెదకు జిల్లాలోని కొల్చారము వాడని ప్రసిద్ధి. ఆధారము లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అన్నది ఆయన పెట్టుకొనిన నియమము. కావ్యమునకు చెల్లిన ఈ నియమము ఛాయాచిత్రమునకు చెల్లకపోదు.

ఆధారము చూపుట యెట్లు? చిత్రమును చూడనివారికి వర్ణించినట్లు, అందు కనబడుచున్నదానిని ముందుగా చెప్పుటయే. ఒక మిత్రుడు తెల్లకొంగ చిత్రము తెచ్చినాడనుకొందము. ‘బాగున్నది’, ‘బాగులేదు’ అను మాటలను పక్కకు పెట్టి ఇట్లు చెప్పి చూడుడు: “నీరు నల్లగా ఉన్నది. కొంగ కన్ను స్పష్టముగా ఉన్నది. అందు వెలుగు చుక్క మెరయుచున్నది. రెక్క తెల్లగా ఉన్నది గాని ఈకల గీతలు కనబడుట లేదు. ముక్కు కొన చిత్రపు అంచును తాకుచున్నది.” ఇంతే. ఇందులో పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. అయినను చిత్రకారునకు తన గుణమును, తన దోషమును రెండును వినబడినవి.

దోషము తెలిసిన తరువాత కారణము, దానివెంట ఉపాయము చెప్పవలెను. కెమెరా తన ఎదుటనున్న వెలుతురునకు సగటు కట్టును. నల్లని నీరు ఎక్కువ స్థలము ఆక్రమించినపుడు దృశ్యమంతయు చీకటిగా ఉన్నదని భ్రమించి, అది వెలుగును అధికముగా గ్రహించును. అందువలన కొంగ తెలుపు పేలిపోయి ఈకలు మాయమగును. ఉపాయము సులభము: కెమెరా చెప్పిన కొలతకంటె వెలుగును ఒక మెట్టు తగ్గించి తీసి, ఈకలు కనబడువరకు సరిచూచుకొనుట. ముక్కుకు ముందు చోటు విడువవలెనన్న మాట రెండవది. దానిని మరియొక దినమునకు ఉంచినను నష్టము లేదు. ఒకే పూట పది దోషములు విన్నవాడు ఒక్కదానినైనను దిద్దుకొనడు.

ఉపాయము చెప్పుటకు ముందు ఒక ప్రశ్న అడుగుట మంచిది: “దీనిలో నీవు ఏమి చూపదలచితివి?” టేకు చెట్ల నడుమ మనుబోతు చిన్నదిగా కనబడు చిత్రమును చూచి, దగ్గరగా తీయవలసినదని తొందరపడుదుము. కాని ఆకు రాలిన అడవిలో నీటికై పోవు ఒంటరి జంతువును చూపుటయే అతని ఉద్దేశమైనచో, ఆ దూరమే చిత్రమునకు ప్రాణము. మన చిత్రమును అతనిచేత తీయించుట విమర్శ కాదు.

ప్రకృతి చిత్రమునకు అందముతో పాటు సత్యము కూడ కావలెను. లండనులోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి 2009 నాటి పోటీలో, తడికను దాటి దూకుచున్న తోడేలు చిత్రమునకు ప్రథమ బహుమానము వచ్చెను. అది అడవి తోడేలు కాక మచ్చికచేసినదై యుండునని తరువాత న్యాయనిర్ణేతలు అభిప్రాయపడి, 2010 జనవరిలో బహుమానమును ఉపసంహరించిరి. చిత్రకారుడు ఆ ఆరోపణను అంగీకరింపలేదు. మనకు గ్రహింపదగిన విషయమేమనగా, వెలుగు నీడలు తెలిసిన కన్ను చాలదు. జంతువు నడవడి తెలిసిన బుద్ధియు విమర్శకునకు ఉండవలెను.

ఇక్కడ మా తప్పిదము నొకదానిని చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట ఒక మిత్రుడు, వేసవిలో నీరు తీసిన చెరువుగర్భమున తీతువు గుడ్లు పెట్టిన చిత్రము తెచ్చెను. మచ్చల గుడ్లు నాలుగు, గులకరాళ్ళ నడుమ రాళ్ళవలెనే ఉన్నవి. మేమందరము మెచ్చుకొంటిమి. “ఎంత దగ్గరనుండి తీసితివి? ఎంతసేపు ఉంటివి?” అని ఒక్కరమును అడుగలేదు. మా మెచ్చుకోలు విన్న మరి ఇద్దరు, మరుసటి ఆదివారము అదే చోటికి పోయిరి. ఆ తరువాత చూచినపుడు గుడ్లున్నవి, పక్షులు లేవు. కారణము అదియేనని రూఢిగా చెప్పజాలము. కాని మండుటెండలో తీతువు గుడ్లపై నిలిచి నీడ పట్టును, పొట్టఈకలను నీట తడిపి తెచ్చి వానిని చల్లార్చును. మనుష్యుడు దగ్గర నిలిచినంతసేపు అది “డిడ్ యు డూ ఇట్” అన్నట్లు అరచుచు తిరుగుచుండునేగాని, గూటికి రాదు. ఆ కొద్దిసేపే గుడ్లకు ప్రాణాంతకము కావచ్చును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపక్షి గుడ్లను, గూటిని కలవరపెట్టుటయు వేటయే. నాటి వేటస్థలమున నేడు తుపాకి లేదు. కెమెరా దాని పని చేయకుండ చూచుట మన చేతిలోనే ఉన్నది. చిత్రముకంటె ప్రాణి క్షేమము ముఖ్యమని బ్రిటనులోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వారి నియమావళియు చెప్పుచున్నది. కావున గూటి చిత్రము ఎదుటికి వచ్చినపుడు మొదట అడుగవలసినది వెలుగును గురించి కాదు. దూరమును గురించి, కాలమును గురించి. జవాబు సరిగా లేనిచో చిత్రమెంత చక్కనిదైనను మెచ్చుకొనరాదు. మన మెప్పు పదిమందిని అదే గూటికి పంపును.

వినువానికిని ఒక ధర్మము కలదు. చిత్రమును చూపునపుడు తాను తెల్లవారుజామున లేచిన కథయు, బురదలో దిగబడిన కథయు ముందే చెప్పరాదు. పడిన కష్టము చిత్రములో కనబడదు. కనబడినది మాత్రమే చూపరి సొత్తు. చెప్పువారు ముగించిన తరువాత చెప్పుకొనుటకు కావలసినంత పొద్దు ఉన్నది.

కెమెరా లేని గృహస్థులకును ఇందులో పాత్ర ఉన్నది. మీ ఇంటి పిల్లవాడు చెరువుగట్టునుండి వచ్చి ఒక చిత్రము చూపినపుడు, “బాగున్నదిరా” అని ఊరకుండక, అందు మీకు కనబడిన మూడు సంగతులు చెప్పుడు. అది ఏ పక్షియో, ఏమి చేయుచున్నదో, ఎంత దూరమునుండి తీసెనో అడుగుడు. మరుసటి ఆదివారము వాడు రెండడుగులు వెనుకకు నిలిచి తీసినచో, మీ మాట ఫలించినట్లే.