మన పొడిగాలికి పగలని ఫాండెంట్

పెళ్ళికేకుపై తెల్లగా, నున్నగా, గుడ్డ పరచినట్లు కనిపించే చక్కెర పూతనే ఫాండెంట్ అంటారు. ఈ ఫ్రెంచి మాటకు 'కరిగేది' అని అర్థం. కాని అనంతపురం ప్రాంతపు సోదరీమణులకు అది కరగడం కంటే పగలడమే పెద్ద చిక్కు.

దీనికి కారణం మన గాలి. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి వానలు మనకు సరిగా అందవు. తూర్పు తీరానికి దూరమైనందున ఈశాన్య వానలు బలహీనపడి వస్తాయి. ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. మచిలీపట్నంలో ఫాండెంట్ చెమ్మ పీల్చుకొని చేతికి అంటుకుంటుంది. గుత్తిలోనో, కళ్యాణదుర్గంలోనో అదే ముద్దను కాసేపు మూత లేకుండా ఉంచితే పైన పెచ్చు కట్టి, కేకుపై పరిచేటప్పుడు అంచుల్లో బీటలు వారుతుంది. కనుక వేరే ప్రాంతాల కొలతలు మనకు ఉన్నవి ఉన్నట్లు సరిపోవు.

కావలసినవి

ఐసింగ్ షుగర్ 500 గ్రాములు, జెలటిన్ రెండున్నర టీస్పూన్లు, చన్నీళ్ళు 2 టేబుల్ స్పూన్లు, లిక్విడ్ గ్లూకోజ్ పావు కప్పు, గ్లిజరిన్ 2 టీస్పూన్లు, వనస్పతి 1 టేబుల్ స్పూను. గ్లిజరిన్ చెమ్మను పట్టి ఉంచుతుంది. మామూలుగా ఒకటిన్నర టీస్పూన్లు చాలు. మన గాలికి ఆ అర స్పూను అదనం. అయితే ఆహారంలో వాడదగినదని సీసాపై రాసి ఉన్నదే కొనండి.

చేసే విధానం

జెలటిన్‌ను చన్నీళ్ళలో 5 నిమిషాలు నానబెట్టి, ఆ గిన్నెను వేడినీళ్ళలో ఉంచి కరిగించండి, మరగనివ్వకూడదు. గ్లూకోజ్, గ్లిజరిన్, వనస్పతి కలిపి గోరువెచ్చగా అయ్యాక, జల్లించిన చక్కెరలో ముప్పాతిక వంతులో పోసి కలపండి. మిగిలిన చక్కెర కొద్దికొద్దిగా చేర్చుతూ నున్నగా పిసకండి. ముద్దకు వనస్పతి పూసి, ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు, బయటికి తీయగానే చెమ్మ పట్టి అంటుకుంటుంది. ఇది 6 అంగుళాల కేకుకు సరిపోతుంది.

పరిచేటప్పుడు ఫ్యాను ఆపండి. పీటపై కార్న్‌ఫ్లోర్ ఎక్కువగా చల్లితే ముద్ద ఇంకా ఎండుతుంది. దానికి బదులు పలుచగా వనస్పతి రాయండి. ముద్ద బిగుసుకుంటే రెండు మూడు చుక్కల గ్లిజరిన్ వేసి పిసకండి. అంతకు మించితే మెత్తబడి, పువ్వులు నిలవవు.

కొనేవారికి

ప్యాకెట్టును వేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోవాలి. రాయిలా ఉంటే ఎండిపోయిందన్నమాట. తయారీ తేదీ, ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. సంఖ్య చూడండి. ఎండ పడే అల్మారాలో పెట్టినది వద్దు. 8 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు గల కేకుకు సుమారు 700 గ్రాములు పడుతుంది.

మరొక ముఖ్య సంగతి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుండి వచ్చేది. క్రిస్మస్‌కు మనం కేకు పంచే ఇరుగుపొరుగులో శాకాహారులు ఉంటారు. వారికోసం ఆకుపచ్చ గుర్తున్న ఫాండెంట్, గుడ్డు లేని కేకు వాడండి. లేదంటే ఇచ్చేముందే ఉన్నమాట చెప్పండి. నమ్మి తినేవారి మనసు నొప్పించి పంచే తీపిలో తీపి ఏముంటుంది?

ఆర్డర్లు తీసుకునే సోదరీమణులకు ఒక మాట. వేరుశనగ పంట పోయిన ఏడు కూడా మన పల్లెల్లో పెళ్ళిళ్ళు ఆగవు. అప్పు చేసైనా కేకు చెప్పేవారుంటారు. వారికి కేకంతా ఫాండెంట్‌తో కప్పమని సలహా ఇవ్వనక్కరలేదు. చలికాలమైతే క్రీము పూత వేసి, పేర్లూ నాలుగు పువ్వులూ మాత్రం ఫాండెంట్‌తో చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో క్రీము జారిపోతుంది కనుక అప్పుడు పూర్తి పూతే మేలు. ఏది అవసరమో, ఎంత అవుతుందో ముందే చెప్పండి. పగుళ్ళు లేని కేకు మీ చేతి పనికి పేరు తెస్తుంది. దాపరికం లేని లెక్క మీ మాటకు విలువ తెస్తుంది.