గుమ్మం కంటే పెద్ద చుట్టం

జ్వరం తగ్గి నోటికి కాస్త రుచి తెలుస్తోందనగా మూతి పేలుతుంది. ‘ఒంట్లో వేడంతా బయటికొచ్చింది’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. వచ్చింది వేడి కాదు, హెర్పిస్ వైరస్. చాలామందికి అది చిన్నతనంలోనే సోకుతుంది. పుర్రె అడుగున, చెవికి కొంచెం ముందుగా ఉండే నాడీకణాల ముడికి చేరి, ఆ కణాల కేంద్రకాల్లో తన డీఎన్ఏను దాచుకుంటుంది. ఏళ్ల తరబడి కిక్కురుమనదు. జ్వరమో, ఎండో తగిలినప్పుడు నిద్ర లేస్తుంది.

కణంలోకి రావడం ఒక ఎత్తు, కేంద్రకంలోకి పోవడం మరో ఎత్తు. కరోనా లాంటివి ఆ రెండో గొడవ పెట్టుకోవు, వరండాలోనే పని కానిచ్చేస్తాయి. హెర్పిస్‌కు అలా కుదరదు. డీఎన్ఏను చదివి ఆర్ఎన్ఏ రాసే యంత్రాంగం కేంద్రకంలో ఉంది మరి. దాని చుట్టూ రెండు పొరల గోడ, గోడలో రంధ్రాలు. ఒక్కో రంధ్రం నిండా సేమ్యా ముద్దలా చిక్కుపడ్డ ప్రొటీన్ పోగులు. చిన్న అణువులు వాటి సందున జారిపోతాయి. పెద్ద సరుకు లోపలికి పోవాలంటే ఆ పోగులతో చెలిమి ఉన్న రవాణా ప్రొటీన్ ఒకటి వెంట ఉండాలి.

హెర్పిస్ పెంకు వెడల్పు 125 నానోమీటర్లు. అంత సరుకు ఆ దారిలో పట్టదు. అందుకని అది గుమ్మానికి అతుక్కుని అక్కడే ఆగుతుంది. లోపల చుట్టి కుక్కిన డీఎన్ఏ దారాన్ని సాగదీస్తే పెంకు వెడల్పుకు 400 రెట్లు వస్తుంది. అంత దారాన్ని కుక్కితే ఒత్తిడి ఎంతుంటుంది? ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేముందు లోపల అదనంగా పెరిగేది సుమారు ఒక అట్మాస్ఫియర్. ఈ పెంకులో దాదాపు 18! ఒక మూలనున్న మూత తెరుచుకోగానే దారం రంధ్రంలోంచి కేంద్రకంలోకి దూసుకుపోతుంది. ఖాళీ పెంకు గుమ్మం బయటే ఉండిపోతుంది.

నన్ను ఇంతకంటే ఆశ్చర్యపరిచింది హెచ్ఐవీ. దాని పెంకు శంకువు ఆకారంలో ఉంటుంది, లావు వైపు 60 నానోమీటర్లు. రంధ్రం దారి 40 అనుకునేవారు కాబట్టి, పెంకు బయటే చితికిపోయి లోపలి సరుకు మాత్రమే కేంద్రకంలోకి వెళ్తుందని పాఠాలు చెప్పేవి. 2021లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు వైరస్ సోకిన కణాలను ఉన్నవి ఉన్నట్టు గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టారు. తీరా చూస్తే దారి 64 నానోమీటర్ల దాకా ఉంది. శంకువు చెక్కుచెదరకుండా, సన్నటి కొన ముందు పెట్టి దూరుతోంది.

వెడల్పు సరిపోయినంత మాత్రాన సేమ్యా ముద్ద దారివ్వదు. శంకువు దూరే కిటుకు 2024లో తేలింది. పెంకు వెయ్యికి పైగా ప్రొటీన్ ముక్కలతో కట్టింది. వాటి మీదున్న చిన్న చిన్న సందుల్లో రంధ్రపు పోగులు చక్కగా ఇముడుతాయి. రవాణా ప్రొటీన్‌ను వెంటబెట్టుకోనక్కర్లేదు, పెంకే రవాణా ప్రొటీన్ వేషం వేస్తుంది. దొంగే కాపలావాడి చొక్కా తొడుక్కున్నట్టు.

లెనకపవిర్ అనే మందు సరిగ్గా ఆ సందుల్లోనే కూర్చుంటుంది. పోగులకు చోటు దొరకదు, పైగా పెంకు బిగుసుకుపోయి పెళుసెక్కుతుంది. ఇది టీకా కాదు, ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దీన్ని తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదని 2024లో వెల్లడైంది. అమెరికాలో దీని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి 40 డాలర్లకే అందించేందుకు డాక్టర్ రెడ్డీస్, హెటెరో సంస్థలు ఒప్పందాలు చేసుకున్నాయి. రెండూ హైదరాబాద్ కంపెనీలే.